పరగడుపు

సిస్టరమ్మ వార్డులోకి వచ్చేసరికి పదకొండో నంబరు మంచం ఖాళీగా ఉంది. పరిచిన దుప్పటి మడత కూడా చెదరలేదు. గోడకూ మంచానికీ నడుమ ఉన్న సందులో, నేల మీద, చిలుకమ్మ ముడుచుకొని పడుకొని ఉంది.

“ఏమ్మా, మంచం ఇచ్చింది ఎందుకు? నీ నాడి చూడాలంటే నేను కూడా కింద కూర్చోవాలా?”

చిలుకమ్మ లేచి కూర్చుంది గానీ మంచం ఎక్కలేదు. పన్నెండో నంబరు మంచం వైపు కళ్లతోనే చూపించి, గొంతు బాగా తగ్గించి చెప్పింది.

“గామె మా ఊరి దొరసానమ్మ. నిన్న పొద్దుమూకినంక వచ్చింది.”

“వస్తే?”

“ఆమె ముంగట నేను మంచం మీద ఎట్ల పండుకుంట సిస్టరమ్మా?”

సిస్టరమ్మది గుంటూరు వైపు. ఈ దొరల పట్టింపులు ఆమెకు తెలియవు. రెక్క పట్టి లేపి, చిలుకమ్మను మంచం అంచున కూర్చోబెట్టి మణికట్టు పట్టుకుంది. గడియారం చూస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది, మధ్యలో తప్పిపోయి మళ్లీ మొదటి నుంచి పెట్టింది. ఆ నాడి కాసేపు గబగబా పరుగెత్తేది, ఉన్నట్టుండి ఆగేది, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ అందుకునేది.

“గురువారం దాకా ఈ మంచం నీది. దిగావంటే డాక్టరు గారికి చెప్తాను.”

సావిత్రి దొరసాని గోడ వైపు తిరిగి పడుకుంది. నిద్రపోవడం లేదని ఆమె వీపు చూస్తేనే తెలుస్తోంది. వానలకు స్పెషల్ గదుల కప్పు కురుస్తోందని ఆమెను కూడా ఆడవాళ్ల వార్డులోనే ఉంచారు. దొరలు ఊరు విడిచి హనుమకొండకు వచ్చి మూడేండ్లయింది. ఊళ్లో కూలీల సంఘం పెట్టిన తర్వాత దొరల ముందు వంగి ఎవరూ ‘బాంచెన్’ అనడం లేదు. చిలుకమ్మ నోరు కూడా ఆ మాట మానుకుంది. నడుమే ఇంకా వంగడం మానుకోలేదు. మంచం అంచున సగం ఒంటితోనే, ఎప్పుడంటే అప్పుడు దిగడానికి సిద్ధంగా కూర్చుంది.

హనుమకొండ పక్కన మట్టెవాడలో వ్యాపారులు కొందరు కలిసి నడిపే చిన్న దవాఖాన అది. హైదరాబాదు నుంచి భాస్కర్ అనే గుండె డాక్టరు ప్రతి గురువారం పొద్దుటి రైలుకు వస్తాడు. మత్తు డాక్టరూ, చెక్కపెట్టెలో కరెంటు మిషినూ ఆయన వెంటే వస్తాయి. పగటి రైలుకు తిరిగి పోతారు. చిలుకమ్మ కలుపు తీస్తూ తీస్తూ మడిలోనే కూలబడితే తొర్రూరు డాక్టరు ఇక్కడికి పంపించాడు. గుండె వరుస తప్పి కొట్టుకుంటోందనీ, గోలీలతో దారికి రాలేదు గనక మత్తిచ్చి, ఛాతీ మీద కరెంటు పెట్టి ఒక్క దెబ్బతో సరిచేస్తాననీ భాస్కర్ చెప్పాడు. అయితే అంతకు ముందు నెత్తురు పలచబడే గోలీలు మింగాలి. వారం వారం వచ్చి నెత్తురు పరీక్షకు ఇచ్చి పోవాలి. కొడవలి ముట్టుకోకూడదు, తెగితే నెత్తురు ఆగదు. చిలుకమ్మ అన్నీ చెప్పినట్టే చేసింది. కొడవలి పట్టని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇన్ని రోజులూ తిప్పలు పడింది.

మధ్యాహ్నం ఆమె మొగుడు ఉప్పలయ్య వరండాలోంచి సైగ చేసి పిలిచాడు.

“పక్క మంచం చూసినవా?”

“చూసిన.”

“జర అణిగి ఉండు. మనం కౌలుకు చేసే రెండెకరాలు వాళ్లయే.”

“నేనేమన్న లేచి గంతులేస్తాన్ననా?” అంది చిలుకమ్మ. ఆ రెండు మాటలకే ఆమెకు ఆయాసం వచ్చింది.

దొరసానిదీ అదే జబ్బు, ఆమెకూ అదే కరెంటు. బుధవారం పొద్దున సిస్టరమ్మ ఇద్దరి మంచాల నడుమ నిలబడి, ఇద్దరికీ కలిపి ఒకేసారి చెప్పింది. ఒంటి మీద లోహం అనేది ఉండకూడదు. ముక్కుపుడక, మట్టెలు, గాజులు, అన్నీ తీసేయాలి. రాత్రి అన్నం తిన్న తర్వాత ఇక పచ్చి మంచినీళ్లు కూడా ముట్టుకోకూడదు.

“దూప అయితే?” అని చిలుకమ్మ అడిగింది.

“నాలుక తడుపుకో, మింగొద్దు. ఇదేదో మొక్కు ఉపవాసం కాదమ్మా. మత్తులో ఉన్నప్పుడు కడుపులో ఉన్నది పైకి తన్నుకొస్తుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే మనిషి దక్కదు. పోయినేడు గుంటూరులో నా కళ్ల ముందే ఒకతను పోయాడు. తిన్నావా అంటే లేదన్నాడు, ఇడ్లీలు తినొచ్చాడు.”

దొరసాని ఆ మాటలు వింటూ పైన తిరుగుతున్న ఫ్యాను వైపే చూసింది.

చిలుకమ్మ మట్టెలు కష్టం లేకుండానే వచ్చాయి. నాట్ల బురదలో నాని నాని వేళ్లు సన్నబడ్డాయి. ఉప్పలయ్య వాటిని తువ్వాల కొసకు ముడేసుకున్నాడు. దొరసాని బంగారు గాజులు మాత్రం కదల్లేదు. ఆమె చేతులు నీరు పట్టి ఉబ్బి ఉన్నాయి. సిస్టరమ్మ ఒకసారి లాగి చూసింది. దొరసాని పళ్లు బిగబట్టింది. రాకపోతే కోసేయాల్సిందేనని చెప్పి సిస్టరమ్మ వేరే పని మీద వెళ్లింది.

దొరసాని తనే ఒక గాజును పట్టుకొని గుంజుకుంటోంది. మణికట్టు ఎర్రగా కందింది. చిలుకమ్మ చాలాసేపు చూసింది. ఇక ఉండబట్టలేక లేచి, గిన్నెలో నీళ్లూ, సబ్బు ముక్కా తెచ్చింది.

“గట్ల గుంజద్దమ్మా. చెయ్యి జర పైకి లేపి పట్టుండ్రి. నీరు కిందికి దిగుతది.”

దొరసాని చెయ్యి ఎత్తింది. అలా ఎత్తిన చేతిని మోచేతి కింద తన అరచేయి పెట్టి చిలుకమ్మ మోసింది. కొంతసేపటికి వాపు కాస్త తగ్గింది. సబ్బు నురుగు చేసి మణికట్టు నుంచి పిడికిలి దాకా రాసింది. బొటనవేలి ఎముకను లోపలికి మడిచి, చెయ్యి సన్నగా చేసి, గాజును లాగకుండా అటూ ఇటూ తిప్పుతూ, తిప్పుతూ జరిపింది. ఎముక దగ్గర గాజు ఆగింది. 

“ఊపిరి ఇడువుండ్రి.”

దొరసాని ఊపిరి వదిలింది. గాజు జారి చిలుకమ్మ ఒళ్లో పడింది.

నాలుగూ తీసేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి. దొరసాని ఒట్టి చేతులను ఒళ్లో పెట్టుకొని, అవి వేరే ఎవరివో అయినట్టు చూసుకుంది.

“నీకు సుత గట్లనే అయితదా?” అని ఉన్నట్టుండి అడిగింది. “పిట్టను పిడికిట్ల పట్టుకున్నట్టు, గుండెల?”

“అయితది. నాకు ఎక్కువ పండుకున్నప్పుడే.”

“నాకు సుత,” అంది దొరసాని.

ఊళ్లో ఇరవై ఏండ్లు దొరల గడీ ముందు నుంచి చిలుకమ్మ నడిచినా, దొరసాని ఆమెతో మాట్లాడిన మొదటి మాటలు ఇవే.

సాయంత్రం దొరసాని కొడుకు రాజేశ్వర్ రావు వచ్చాడు. తల్లి దగ్గర కాసేపు నిలబడి, తర్వాత ఆఫీసు గదిలోకి పోయాడు. వెలుగు ఉండగానే జీపెక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత సిస్టరమ్మ వచ్చి, చిలుకమ్మ మంచానికి కట్టిన, వంతు రాసిన అట్ట తీసి ఇంకోటి కట్టింది. ఆమె ముఖం చూడలేదు.

“రేపు ముందు పన్నెండో నంబరు. నీది... టైము ఉంటే చేస్తారు. లేకపోతే వచ్చే గురువారం.”

“నా పేరే ముందున్నది గదా?”

“ఉంది. ఇప్పుడు లేదు.” తలుపు వైపు నడుస్తూ, “నువ్వు మాత్రం ఉపవాసం ఉండు. ఏమో, చెప్పలేం,” అంది.

వరండాలో ఉప్పలయ్య బీడీ ఆర్పి చెవి సందున పెట్టుకున్నాడు. “వారం ఆగితే ఏమైతది? కొట్లాట పెట్టుకుంటమా?”

“నాకేం గాదు. ఆగేది నేను. నువ్వెందుకు ఫికర్ చేస్తానవ్?” అంది చిలుకమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. అది లేనందుకే ఉప్పలయ్యకు భయమేసింది.

గురువారం తెల్లారి వాన వెలిసింది. వార్డు కిటికీల్లోంచి పలచటి ఎండ నేల మీద పడింది. సిస్టరమ్మ పాలు పట్టించడానికి చివరి మంచం దగ్గర ఉంది. రాజేశ్వర్ రావు డ్రైవరు వచ్చి, “దొర ఎన్కనే వస్తాండు, చాయ ఆయనకే,” అని ఫ్లాస్కూ, బిస్కెట్ల పొట్లమూ దొరసాని మంచం పక్క బల్ల మీద పెట్టి పోయాడు.

చిలుకమ్మ నాలుక తడారిపోయి ఉంది. చాయ వాసన మంచం దాకా వచ్చింది. అందుకే ఆమె తల తిప్పి చూసింది.

దొరసాని లేచి కూర్చుంది. ఫ్లాస్కు మూత తిప్పింది. మూతలోకి చాయ ఒంపుకొని, చిన్నపిల్ల తాగినట్టు రెండు చేతులతో పట్టుకొని తాగింది. పొట్లం విప్పి ఒక బిస్కెట్ ముంచుకొని తిన్నది. మరొకటి తిన్నది. చీర మీద పడ్డ పొడి దులుపుకొని, మూత తుడిచి బిగించి, మళ్లీ పడుకుంది. అప్పుడు చిలుకమ్మ కళ్లు ఆమెకు ఎదురయ్యాయి.

దొరసాని గోడ వైపు తిరిగింది.

సిస్టరమ్మ వచ్చి దొరసానిని అడిగింది. “ఏమీ తీసుకోలేదు కదమ్మా?”

“ఏం ముట్టలే.”

“మంచినీళ్లు?”

“ముట్టలే అంటాన్న గదా.”

సిస్టరమ్మ ఇంజెక్షను ట్రే తేవడానికి పోయింది. చిలుకమ్మ లేచి, దొరసాని మంచానికి అటు వైపు తిరిగి వెళ్లి, ముఖానికి ఎదురుగా నిలబడింది. ఎప్పుడూ అలా నిలబడింది లేదు.

“అమ్మా, చెప్పుండ్రి. ఆమె చెప్పింది ఇన్నరు గదా. మత్తుల పానం పోతదట.”

“ఏం చెప్పాలె?”

“చాయ తాగిన సంగతి.”

“రెండు గుక్కలకు ఏం గాదు. నాకు కండ్లు తిరిగినయ్, తాగిన.” దొరసాని తలుపు వైపు చూసింది. “నా కొడుకు ఎంత తిరిగి ఇది పెట్టిచ్చిండో తెలుసా? ఇప్పుడు తాగిన అంటే నన్ను బతకనిస్తడా? పో, నీ మంచం మీదికి పో.”

చిలుకమ్మకు అప్పుడే తెలిసింది, దొరసానికి కరెంటు కంటే కొడుకంటేనే ఎక్కువ భయమని. ఆ భయం చూసి జాలి వేసింది. అంతలోనే తన సంగతి గుర్తొచ్చింది. తను చెప్తే ఈ పూట వంతు తనకే వస్తుంది. అలాంటప్పుడు తన మాట ఎవరు నమ్ముతారు?

బయట జీపు ఆగిన చప్పుడు అయింది. భాస్కర్ డాక్టరూ, రాజేశ్వర్ రావూ కలిసి మాట్లాడుకుంటూ వార్డులోకి వచ్చారు. వెనక స్ట్రెచర్ వచ్చింది.

“సారూ,” అంది చిలుకమ్మ. ఎవరూ వినలేదు. మళ్లీ అంది. “సారూ, దొరసానమ్మ చాయ తాగింది. బిస్కెట్లు సుత తిన్నది. నేను చూసిన.”

వార్డంతా ఇటు తిరిగింది. వరండా గుమ్మంలో ఉప్పలయ్య తల పట్టుకున్నాడు.

రాజేశ్వర్ రావు ముందుగా నవ్వాడు. “ఆ చాయ నాకోసం తెచ్చింది డాక్టర్ సాబ్. ఈమెది మొదటి నంబరు ఉండె, పోయింది. గదీ సంగతి.” చిలుకమ్మ వైపు తిరిగాడు. ఇప్పుడు నవ్వు లేదు. “ఎవరి గురించి మాట్లాడుతానవో తెలుస్తాందానే నీకు?”

డాక్టరు దొరసాని మంచం మీదికి వంగాడు. “అమ్మా, నిజం చెప్పండి. ఏమైనా తాగారా?”

దొరసాని కొడుకు వైపు చూసింది. “లేదు.”

భాస్కర్ నిటారుగా లేచి గడియారం చూసుకున్నాడు. వంతుల కోసం పక్క మంచం మీద చాడీలు చెప్పేవాళ్లను ఆయన చాలా వార్డుల్లో చూశాడు. “సరే. పేషెంటే తాగలేదంటున్నప్పుడు... తీసుకురండి,” అన్నాడు.

వార్డు బాయిలు స్ట్రెచర్‌ను మంచానికి ఆనించారు. అప్పుడే తలుపు దగ్గర మిగతా రోగులకు చాయ, బన్ను పంచే బండి వచ్చి ఆగింది. చిలుకమ్మ దాని దగ్గరికి నడిచింది. గ్లాసొకటి తీసుకొని, కెటిలు వంచి నిండా పోసుకుంది. అక్కడే నిలబడి, కాలుతున్న చాయను ఆగకుండా తాగింది. కళ్లలో నీళ్లొచ్చాయి. బన్ను తీసుకొని సగం తుంచి నోట్లో పెట్టుకుంది. నోరు ఎండిపోయి ఉండడంతో అది తొందరగా దిగలేదు. అందరూ చూస్తుండగా నమిలి మింగింది.

“ఒసేయ్, చిలుకా!” అన్నాడు గుమ్మంలోంచి ఉప్పలయ్య.

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది.

“ఇగ నాకు సుత ఈయాల లేదు సారూ. మీకు నా వంతు అడ్డం లేదు. ఇప్పుడన్న నమ్ముండ్రి. ఆమె తాగింది.”

భాస్కర్ చేయి ఎత్తి స్ట్రెచర్‌ను ఆపాడు. ఈసారి ఆయన అడగలేదు. దొరసాని వైపు ఊరికే చూస్తూ నిలబడ్డాడు.

దొరసాని చూపు చిలుకమ్మ చేతిలోని బన్ను సగం ముక్క మీద ఉంది.

“తాగిన,” అంది. “రెండు బిస్కెట్లు సుత తిన్న.”

“అమ్మా!” అన్నాడు రాజేశ్వర్ రావు.

ఆమె కొడుకు వైపు తల తిప్పలేదు. “ఆకలైంది, తిన్న,” అంది.

ఆ గురువారం మిషిన్ పెట్టెలోంచి బయటికి రాలేదు. డాక్టరు బయటి రోగులను చూసి, పగటి రైలుకు వెళ్లిపోయాడు. పోయే ముందు పదకొండో నంబరు మంచం దగ్గర ఆగి, అట్ట మీద ‘వచ్చే వారం’ అని రాసి సంతకం చేశాడు.

రాజేశ్వర్ రావు తల్లితో మాట్లాడలేదు. ఉప్పలయ్యతోనే మాట్లాడాడు, అదీ జీపులో కూర్చున్నాక.

“పంట కొయ్యి. కోసినంక భూమి సంగతి మాట్లాడుదాం.”

ఉప్పలయ్య వార్డు కిటికీ దగ్గరికి వచ్చి ఆ మాట పెళ్లానికి అప్పజెప్పాడు. “నీకెందుకే? ఆమె పోతే పోతది, ఉంటే ఉంటది. నీకెందుకు?” అని నాలుగైదు సార్లు అడిగాడు. చిలుకమ్మ కిటికీ ఊచలు పట్టుకొని వింది. మడికి నీళ్లు కట్టే మనిషి లేడని అతను పగటి బస్సుకే ఊరికి పోయాడు. పోయేటప్పుడు, “మందులు మర్సిపోకు,” అన్నాడు, కోపంగానే.

ఆ వారం ఇద్దరి దగ్గరికీ ఎవరూ రాలేదు. చిలుకమ్మ మంచం మీదే పడుకుంది. దిగమని ఎవరూ అనలేదు, దిగాలని ఆమెకూ తోచలేదు. ఉప్పు లేని పప్పూ, జావా ఇద్దరికీ ఒకే గిన్నెలోంచి వచ్చేవి. మొదటి రెండు రోజులు దొరసాని గోడ వైపే తిరిగి పడుకుంది. శనివారం పగలు, జావ గ్లాసు పట్టుకొని, గోడతో మాట్లాడుతున్నట్టు అడిగింది.

“నేను పోతే నీకేం పోయేది?”

చిలుకమ్మ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది.

“ఏం పోయేది లేదమ్మా. చూసిన గదా. చూసినంక ఎట్ల ఊకుంట?”

దొరసాని జావ తాగింది. “చప్పగున్నది,” అంది.

“నిమ్మకాయ ఉన్నది. పిండాల్నా?”

“పిండు. నీ దాంట్ల సుత పిండుకో.”

ఆ తర్వాత అంతగా మాట్లాడుకున్నది లేదు. పొద్దున దొరసాని లేవడానికి తిప్పలు పడితే చిలుకమ్మ వీపు వెనక చెయ్యి పెట్టేది. చిలుకమ్మ సూది గుచ్చించుకునేటప్పుడు దొరసాని అటు తిరిగి చూసేది. ఒకసారి మాత్రం, “భూమి సంగతిల మా వాడు అన్నడంటే చేస్తడు,” అంది. “నేను చెప్త. ఇంటడో ఇనడో.” చిలుకమ్మ తల ఊపింది. పంట కోసిన తర్వాత ఏమవుతుందో కోసిన తర్వాతే తెలుస్తుంది.

మరుసటి గురువారం భాస్కర్ పొద్దుటి రైలుకే వచ్చాడు. ఆలస్యం లేకపోతే ఇద్దరికీ చేసి పోతానన్నాడు. బుధవారం సాయంత్రమే వచ్చిన ఉప్పలయ్య వరండాలో ఉన్నాడు. రాజేశ్వర్ రావు ఆఫీసు గదిలో కూర్చున్నాడు, వార్డులోకి రాలేదు. ఎదురుగా చాయ బండి పోయినప్పుడు పదకొండు, పన్నెండు మంచాల మీద ఇద్దరూ కళ్లు మూసుకున్నారు.

స్ట్రెచర్ పన్నెండో నంబరు దగ్గరికే వచ్చి ఆగింది. దొరసాని ఇనుప పట్టెను గట్టిగా పట్టుకుంది.

“ముందు ఆమెను తీస్కపోండ్రి,” అంది.

అది న్యాయం కోసం అన్నదో, భయం కొద్దీ అన్నదో చిలుకమ్మకు తెలియలేదు. దొరసాని వేళ్లు మంచం పట్టెను వదల్లేదు. ఏదైతేనేం అనుకొని చిలుకమ్మ స్ట్రెచర్ ఎక్కింది.

గదిలో దీపాలు కళ్లలో పడ్డాయి. ఛాతీకి చల్లటి జిగురేదో రాశారు. మత్తు డాక్టరు చేతి నరంలో సూది పెట్టి, “నీ ఊరి పేరు చెప్పు,” అన్నాడు. ఊరి పేరు సగం చెప్పింది, మిగతా సగం ఎక్కడికో పోయింది. కళ్లు తెరిచేసరికి అవే దీపాలు. ఎవరో కాయితం చూసి, “వరుసలోకి వచ్చింది, వచ్చింది,” అంటున్నారు.

ముందు ఆమెకు ఏదో లేనట్టు అనిపించింది. ఇంట్లో ఎప్పుడూ ఏడ్చే పసిపిల్ల పడుకున్నప్పుడు ఉండే నిమ్మళం లాంటిది. తన మణికట్టు తనే పట్టుకొని చూసుకుంది. నాడి మెల్లగా, ఒకదాని వెంట ఒకటి, తొక్కులాట లేకుండా నడుస్తోంది. ఎవరికీ కనబడకుండా ముఖం పక్కకు తిప్పుకుంది.

బయటికి తెచ్చేసరికి తలుపు పక్కన రెండో స్ట్రెచర్ మీద దొరసాని ఉంది. వార్డు బాయి ఒక నిమిషం ఆగాడు. దొరసాని చెయ్యి చాపి చిలుకమ్మ దుప్పటి అంచు పట్టుకుంది.

“నొప్పైందా చిలుకమ్మా?”

మత్తు దిగుతున్న కొద్దీ ఛాతీ మీద రెండు చోట్ల మంట ఎక్కువవుతోంది. కాగిన పెనం తాకినట్టుంది. ఊపిరి పీల్చినప్పుడల్లా రవికె గుడ్డ రాసుకొని చురుక్కుమంటోంది. ఎర్రగా కందిన తోలు మెడ కింద దాకా కనిపిస్తోంది.

చిలుకమ్మ దుప్పటిని గడ్డం దాకా లాక్కుంది.

“ఏం తెల్వదమ్మా. గట్ల కన్ను మూసినట్టే ఉంటది. తెరిసే వరకు అయిపోతది.”

“ఒట్టేనా?”

“ఒట్టు.”

దొరసాని దుప్పటి అంచు వదిలింది. స్ట్రెచర్ లోపలికి పోయింది. తలుపు మూసుకునే దాకా చిలుకమ్మ నవ్వుతూనే ఉంది. తర్వాత దుప్పటి కొంచెం దించి, ఛాతీకి గాలి తగలనిచ్చింది.